బిగించిన మూత

నా వంటను తూకం వెయ్యడానికి ఓ మనిషి వచ్చిందని తెలిసేసరికి నా చేతిలో గరిటె ఉంది. దాన్ని పక్కన పెట్టి వెళ్ళి ఉంటే మర్యాదగా ఉండేది. పట్టుకునే వెళ్ళాను.

మా ఆస్పత్రి వంటగదికి రెండు కిటికీలు. మొదటి కిటికీలోంచి భోజనం ట్రేలు వార్డులకు వెళ్తాయి. రెండో కిటికీలోంచి ఎంగిలి ట్రేలు తిరిగొస్తాయి. ఆ రెండో కిటికీ దగ్గర నిలబడడానికి మాలో ఎవరికీ మనసొప్పదు. అక్కడ ఒక అమ్మాయి చిన్న బల్ల వేసుకుని, దాని మీద తూకం మెషిన్ పెట్టుకుని, ఎవరో వదిలేసిన అన్నాన్ని గిన్నెలోకి తీస్తోంది. ఒక్క మెతుకు కింద పడకుండా తీస్తోంది.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"తూస్తున్నాను."

"అది కనపడుతోంది. ఎందుకని?"

"ఎంత తిరిగొస్తోందో తెలియాలి కదండీ. కొత్తగా వచ్చిన డైటీషియన్ని నేను." నా గరిటె వైపు ఓసారి చూసింది. "మీరేనా మూతల మాస్టారు?"

ఆ పేరు నాకు ఊరికే రాలేదు. ఏడాదిన్నర కిందట మా వంటగదికి కొత్త ట్రేలు వచ్చాయి. నాలుగు మూలలా నొక్కితే టక్కుమని కూర్చునే మూతలు వాటికి. మూత బిగువుగా ఉంటేనే అన్నం వార్డుకు చేరేదాకా వేడిగా ఉంటుంది. అందుకని నూట ఎనభై ట్రేల మూతలూ నేనే స్వయంగా బొటనవేలితో నొక్కి పంపిస్తాను. నా వేలు కాయ కాసింది. ఆ కాయంటే నాకు గర్వం.

"నేనే," అన్నాను. "తిరిగొచ్చింది తూచి ఏం చేస్తారు? వెళ్ళింది తూచండి."

"వెళ్ళింది ఎంతో మీరు చెప్తారు. తిరిగొచ్చింది ఎంతో ఎవరూ చెప్పరు." పుస్తకం తిప్పింది. "నిన్న ముప్పై ఆరు కిలోలు. వండినదాంట్లో నాలుగో వంతు."

"అంటే నా వంట బాగాలేదంటారు."

"నేనలా అనలేదు. మీరే అన్నారు."

వెనకాల కూరలు తరుగుతున్న వాళ్ళంతా కత్తులు ఆపేసి వింటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక్కి వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఆ రోజు సూప్‌లో ఉప్పు రెండుసార్లు పడింది.

ఎందుకంత కోపం వచ్చిందో ఇప్పుడే చెప్పేస్తాను. అప్పటికి పదకొండు నెలల కిందట మా అమ్మ ఈ ఆస్పత్రిలోనే, మూడో వార్డులో పోయింది. గుండె జబ్బు. పన్నెండు రోజులు ఉంది. ఆ పన్నెండు రోజులూ ఆమెకు నేనే వండాను, నేనే వడ్డించాను, ట్రే మీద తెల్ల టేపు అంటించి పంపాను. అందులో ఏడు రోజులు ఆ ట్రే నిండుగా తిరిగొచ్చింది. కడిగేవాళ్ళు మూతలన్నీ తీసి ఒక పక్కన పడేసి, ట్రేలు మరో పక్కన పేర్చేవాళ్ళు. తెల్ల టేపున్న ట్రేలో అన్నం నేను పెట్టింది పెట్టినట్టే ఉండేది.

సాయంత్రం నాలుగయ్యాక గాని మగవాళ్ళను ఆ వార్డులోకి రానిచ్చేవారు కాదు. వెళ్ళి అడిగితే, "ఆకలి లేదురా," అనేది. ఉప్పు లేని తిండి ఆమెకు నచ్చలేదనుకున్నాను. నచ్చేలా వండడం నాకు చేతకాలేదనుకున్నాను. ఊళ్ళో అందరికీ వండిపెట్టే కొడుకు చేతి ముద్ద కడుపునిండా తినకుండానే అమ్మ వెళ్ళిపోయింది. ఈ ఒక్క ముల్లు ఎవరికీ చెప్పకుండా లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. అందుకే తిరిగొచ్చిన ట్రేల గురించి ఎవరేమన్నా అది నా అమ్మ ట్రే గురించి అన్నట్టే ఉంటుంది నాకు.

* * *

వారం తిరిగేసరికి వంటగదిలో ఆమెకు తూకాలమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. ఆమెకు తెలిసింది కూడా. తెలిసి, తన అన్నం డబ్బా మీద అదే పేరు రాసుకుంది. అలాంటి మనిషితో పోట్లాడడం చాలా కష్టం.

"మాస్టారూ, నిన్న మధ్యాహ్నం పదమూడు ట్రేలు ఎవరికి వెళ్ళాయో తెలుసా?" అంది ఒక పొద్దున.

"రోగులకి."

"ఎవరికీ వెళ్ళలేదు. ఏడుగురు పొద్దున్నే డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళిపోయారు. ఆరుగురు పరీక్షల కోసం ఏమీ తినకూడదు. మీకు లిస్టు ఎప్పుడొస్తుంది?"

"ముందు రోజు సాయంత్రం."

"పొద్దున పదింటికి వస్తే?"

"పదింటికి వస్తే పన్నెండింటికి అన్నం ఎలా వస్తుందండీ? మీ మెషిన్ వండుతుందా?"

"కూరలు ముందే తరిగి ఉంచండి. బియ్యం రెండు విడతలుగా వెయ్యండి. మొదటి విడత ఎలాగూ అయిపోతుంది. రెండోది లిస్టు చూసి వెయ్యండి." తల వంచి నన్ను కింద నుంచి చూసింది. "మీ వల్ల కాదంటే వదిలేద్దాం."

నా వల్ల కాదన్న మాట నేను తట్టుకోలేనని ఆమెకు వారంలోనే అర్థమైపోయింది. మర్నాటి నుంచి రెండు విడతలు. ముప్పై ఆరు కిలోలు ఇరవై ఏడయ్యాయి. ఆమె నాకేమీ చెప్పలేదు. పుస్తకం తెరిచి నేను నడిచే దారిలో పెట్టింది, అంతే.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. వంటగది వెనక రేకుల షెడ్డు ఉంది. చెత్త డ్రమ్ములు అక్కడే ఉంటాయి. గాలి కోసం బయటికి వెళ్తే ఆమె అక్కడ మెట్టు మీద కూర్చుని తన డబ్బాలో అన్నం తింటోంది. వాన జల్లు ఆమె చెప్పుల దాకా వచ్చి వెనక్కి పోతోంది. ఆమె పట్టించుకోవడం లేదు. డబ్బా మూలల్లో ఉన్న మెతుకులు వేలితో ఏరి ఏరి తింటోంది.

"డబ్బా కడగక్కర్లేదు ఇంక," అన్నాను.

"మా ఇంట్లో మేం అయిదుగురం పిల్లలం. నేను ఆఖరుదాన్ని. గిన్నె నా దగ్గరికి వచ్చేసరికి అడుగే మిగిలేది. అడుగు ఎలా తినాలో నాకు బాగా తెలుసు." ఆ మాట జాలి కోసం అన్నది కాదు. ఆమె నవ్వుతోంది.

"ఇక్కడ కూర్చుని తినడమేంటి? వాసన."

"ఇవి చూస్తూ తింటే పని గుర్తుంటుంది." డ్రమ్ముల వైపు చూపించింది. "పొలంలో నీళ్ళు, లారీ డీజిలు, మీ గ్యాసు, మీ చెయ్యి, అన్నీ పోసి వండింది ఇక్కడ కుళ్ళుతోంది. ఆ గోడ అవతల వరండాలో రోగుల చుట్టాలు బన్ను టీలో ముంచుకుని పూట గడుపుకుంటున్నారు. మధ్యలో ఒక్క గోడ."

"లెక్చరు."

"సరే, ఆపేస్తాను. నాకు కూడా లెక్చర్లంటే నిద్రే." డబ్బా మూత పెట్టింది. "కాని మాస్టారూ, ఈ డ్రమ్ములో పడ్డది ఉత్త అన్నమేనంటే నేను ఒప్పుకోను. ఎవరో తినలేకపోయిన పూట అది. ఎందుకు తినలేదో అడిగినవాళ్ళు లేరు."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. ఏమైందో తెలియదు, పదకొండు నెలలుగా ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పేశాను. అమ్మ, పన్నెండు రోజులు, తెల్ల టేపు, ఏడు నిండు ట్రేలు. "నా వంట ఆమెకు సయించలేదు," అని ముగించాను.

ఆమె డబ్బా పక్కన పెట్టేసింది.

"ఏ వార్డు?"

"మూడు."

ఆమె మొహంలో నవ్వు పూర్తిగా పోయింది. లేచి, వానలోనే తడుస్తూ వెళ్ళిపోయింది. నేను చెప్పింది అంత చిన్న విషయంగా తోచిందా అనుకున్నాను. ఏడుపు మొహం మగవాళ్ళంటే ఆడపిల్లలకు చిరాకని మావాళ్ళు అంటుంటే విన్నాను. నోరు జారినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పటికే ఆమె రెండో కిటికీ దగ్గర లేని రోజు నాకు వంట మీద ధ్యాస ఉండడం లేదు. ఆ సంగతి కూడా ఆ వానలోనే నాకు తెలిసింది.

* * *

ఆ తర్వాత పది రోజులు ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఏదైనా అడిగితే అవును, కాదు. నా కళ్ళలోకి చూసేది కాదు. మధ్యాహ్నం పన్నెండయితే చాలు, మూడో వార్డుకు వెళ్ళిపోయేది.

పదకొండో రోజు సూపరింటెండెంటుగారు నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చారు. "డైటీషియన్ రాసింది. చూడు," అన్నారు.

అందులో రాసి ఉంది: భోజనం ట్రేల మూతలు మరీ బిగువుగా పెడుతున్నారు. ఈ పద్ధతి వెంటనే ఆపాలి.

నేను చదవడం అక్కడితో ఆపేశాను. కింద ఇంకా ఏదో ఉంది. చూడలేదు. కాగితం పట్టుకుని నేరుగా రెండో కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఈసారి చేతిలో గరిటె లేకపోవడం మంచిదయింది.

"వంటకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. చివరికి మూతకు పెట్టారన్నమాట."

"పూర్తిగా చదివారా?"

"అక్కర్లేదు. నాతో చెప్పకుండా పైవాళ్ళకి రాశారు. నేను మీకు మా అమ్మ గురించి చెప్పాను. ఎవరికీ చెప్పని మాట చెప్పాను. ఆ రోజు నుంచీ మీరు నా మొహం చూడడం లేదు. ఇదన్నమాట సంగతి."

ఆమె గ్లౌజులు తీసింది. "మీతో ముందు చెప్పాలి. చెప్పలేకపోయాను. తప్పు నాదే." తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాతో ఒకసారి మూడో వార్డుకి రండి. ఇప్పుడే, భోజనాలప్పుడే. సిస్టరుని అడిగి ఉంచాను."

"నేను ఆ వార్డుకి వెళ్ళను."

"తెలుసు. పదకొండు నెలలుగా వెళ్ళలేదని అక్కడి ఆయమ్మ చెప్పింది. అయినా అడుగుతున్నాను."

ఎందుకు వెళ్ళానో నాకు తెలియదు. కోపంతోనే వెళ్ళానేమో. నేను వండింది ఆస్పత్రిలో ఎవరైనా తింటుండగా అంతకు ముందు ఒక్కసారీ చూడలేదని మాత్రం మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది.

గుమ్మం పక్కన నిలబడ్డాం. ట్రేలు పంచి మనుషులు తరవాతి వార్డుకు వెళ్ళిపోయారు. గుమ్మానికి దగ్గర్లో ఒక పెద్దావిడ ఉంది. కుడి చేతికి సెలైన్. ట్రే ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో మూత ఒక మూల పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకో మూల లాగింది. వేలు జారిపోయింది. బొటనవేలు మూత అంచు కింద పెట్టి, పెదవి కొరుక్కుంటూ నెట్టింది. ఆ మూత నేను నొక్కింది. దాన్ని లాగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పక్క మంచాల మీద ఒకరు నిద్రపోతున్నారు, ఒకరికి మెడకు కట్టు. ఆవిడ కాసేపు ట్రే వంక చూసింది. మెల్లగా ఎత్తి పక్కనున్న స్టూలు మీద పెట్టేసింది.

నేను దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, తినరా?"

ఆవిడ తెల్లకోటు లేని నన్ను చూసి ఎవరో అనుకుంది. నన్ను ఇబ్బంది పెట్టకూడదన్నట్టు నవ్వింది.

"ఆకలి లేదు బాబూ."

అదే మాట. అలాగే అనేది మా అమ్మ. గొంతు కూడా అలాగే, కొడుకును ఊరుకోబెట్టేలా.

మా అమ్మకు కీళ్ళ నొప్పులు. వేళ్ళు వంకర తిరిగి ఉండేవి. ఇంట్లో సీసా మూతలన్నీ నేనే తీసిచ్చేవాణ్ణి. చిన్నప్పటి నుంచీ నేనే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, తెల్ల టేపున్న ట్రేను మిగతావాటి కన్నా రెండుసార్లు ఎక్కువ నొక్కి పంపించాను, ఆమెకు వేడిగా అందాలని.

స్టూలు పట్టుకున్నాను. పక్కన ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ వార్డు ఆయమ్మ. ఆమెను నేను ముందు ఒకట్రెండు సార్లు చూశాను, పలకరించింది లేదు.

"నాకు చెయ్యి ఖాళీ అయిన రోజున నేనే మూత తీసి తినిపించాను నాయనా. అయిదు రోజులు. మిగతా రోజులు నలభై మంచాల మధ్య నా వల్ల కాలేదు," అంది. "ఎవరినైనా పిలవొచ్చు కదమ్మా అంటే, మూత రావట్లేదని అంటే మా వాడు బాధపడతాడే, వాడే బిగించి పంపిస్తాడు, అనేది. ట్రే చల్లారేదాకా గుండెల మీద పెట్టుకుని ఉండేది. వేడిగా ఉందే, మా అబ్బాయి పంపాడు, అని నాకు చూపించేది."

తలుపు దగ్గర తూకాలమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఏడుస్తోంది. నాకు అప్పుడు ఏడుపు రాలేదు. పెద్దావిడ స్టూలు మీది ట్రే తీసుకున్నాను. నాలుగు మూలలా మూత ఎత్తాను. ఆవిరి వచ్చింది. చెంచా ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ ఆకలి లేదన్న సంగతి మరిచిపోయి తిన్నది. ఆ ట్రేలో సగం తిని, "చాలా ఎక్కువ పెడతారు బాబూ మీరు," అంది.

* * *

మధ్యాహ్నం మూడయింది. రెండో కిటికీ పక్కన ఖాళీ నూనె డబ్బా బోర్లించి కూర్చున్నాను. ఆమె బల్లకు అటువైపు నిలబడింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"కడిగేవాళ్ళు మూతలు ముందే తీసేస్తే ఏ ట్రే తెరిచీ ముట్టుకోలేదో, ఏది తెరవనే లేదో తెలియట్లేదు. అందుకని ఇక మీదట మూతలు నేనే తీస్తానని చెప్పాను. మూడో వార్డు నుంచి రోజూ ఇరవైకి పైగా తెరవని ట్రేలే. ఎందుకో వెళ్ళి చూశాను. అది జరిగిన మర్నాడే వాన కురిసింది. మీరు అమ్మ గురించి చెప్పారు." బల్ల మీది పుస్తకం మూసింది. "తెలిశాక ఏం చెప్పను మీకు? ఎలా చెప్పను?"

"నేను చంపాను," అన్నాను.

"అలా అనకండి. జబ్బు ముదిరిపోయాకే వచ్చారని డాక్టరుగారు చెప్పారు. నేను అడిగాను."

"ఆకలితో పంపించాను."

ఆమె వెంటనే కాదనలేదు. కాదని ఉంటే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

"కొన్ని పూటలు, అవును," అంది. "మీరు మూత బిగించారు. తెచ్చినవాళ్ళు ఆగి చూడలేదు. తీసుకెళ్ళినవాళ్ళు అడగలేదు. ఆవిడ చెప్పలేదు. ఇంతమందిమి ఉండి, అన్నం తిరిగొస్తే పారబొయ్యడం తప్ప ఎందుకని అడగడం మాకెవరికీ రాలేదు. మీరొక్కరే మొయ్యాల్సింది కాదు ఇది." కిటికీ వైపు చూసింది. "రేపు మధ్యాహ్నం కూడా మూడో వార్డులో మూత తీసుకోలేనివాళ్ళు ఇరవై మందికి పైగా ఉంటారు మాస్టారూ."

అప్పుడు ఏడ్చాను. బొటనవేలి మీది కాయ చూసుకుంటూ, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి పక్కన నేల మీద కూర్చుంది. ఓదార్చలేదు, చెయ్యి పట్టుకోలేదు. ట్రేల బండి వచ్చినప్పుడు మాత్రం కూర్చున్నచోటి నుంచే, "అవి అక్కడ పెట్టి వెళ్ళండి, నేను చూస్తాను," అని వాళ్ళను పంపేసింది.

మర్నాటి నుంచి మూతలు రెండు మూలలే నొక్కాం. చేతులు ఆడనివాళ్ళ ట్రేలకు ఎర్ర టేపు. ఎర్ర టేపు ఉన్న ట్రేను మంచం మీద పెట్టి వెళ్ళిపోకూడదు, తెరిచి, చెయ్యి అందేంత దగ్గర పెట్టాకే కదలాలి. వంటవాళ్ళం రోజుకొకరం వార్డులకు వెళ్ళాం. మొదటి వంతు నాది, మూడో వార్డుకు. ఎంత పెట్టమంటారు అని అడగడం మొదలుపెట్టాం. కొంచెం చాలన్నవాళ్ళకు చిన్న గరిటె. మళ్ళీ కావాలంటే మళ్ళీ. వడ్డించకుండా గిన్నెలో మిగిలింది వేడి తగ్గకముందే వరండాలోకి పంపాం. తొక్కలు, ఎంగిలి తోటమాలి ఎరువు గుంటలోకి వెళ్ళాయి.

మొదటి పది రోజులూ అందరూ నన్ను తిట్టారు. అందులో న్యాయం ఉంది, పని పెరిగింది. నెల తిరిగేసరికి రెండో కిటికీలోంచి వచ్చేది తొమ్మిది కిలోలు. చెత్త డ్రమ్ములు మూడుండేవి, ఒకటయింది. తక్కువ వండుతున్నాం, ఎక్కువమంది తింటున్నారు. ఎర్ర టేపు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ తెల్ల టేపు గుర్తొస్తుంది. రానీ అనుకుంటాను.

* * *

"ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తారా?" అని అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

"తూకం తెచ్చుకోనా?"

"తెచ్చుకోండి. నాన్న, నేను, అంతే ఇంట్లో. ఎక్కువేం మిగలదు."

అబద్ధం చెబుతున్నానని నాకప్పుడు తోచలేదు.

నాన్న బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. మాటకారి. అమ్మ పోయాక మాటలు తగ్గాయి, తిండీ తగ్గింది. ఆ ఆదివారం మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తన సర్వీసులో ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదని రెండుసార్లు చెప్పాడు. ఆమె రెండుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నది.

అన్నం, కూర, ఉడకబెట్టిన గుడ్లు పెట్టాను. ముగ్గురం కూర్చున్నాం. నాన్న నాలుగు ముద్దలు తిన్నాడు. కూర ముక్కలు పళ్ళెం అంచుకు నెట్టాడు. గుడ్డులో పచ్చసొన తిని తెల్లసొన వదిలేశాడు. పళ్ళెం కొంచెం ముందుకు జరిపాడు.

"చాల్రా. ఆకలి లేదు," అన్నాడు.

ఆమె చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. నా వైపు చూసింది. చూసి, తల దించుకుని తన పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమె అడగదని నాకు అర్థమైంది. అడగాల్సింది నేను.

అమ్మ పోయి ఏడాది దాటింది. రోజూ రాత్రి ఈ పళ్ళెం ఇలాగే సగం మిగిలేది. రోజూ నేనే తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాను. దిగులు పడ్డాడు, వయసైపోయింది అనుకున్నాను. ఆస్పత్రిలో నలభై మంచాల దగ్గర ఆగి ఎందుకని అడుగుతున్నవాణ్ణి, నా ఇంట్లో ఒక్క మనిషిని అడగలేదు.

కుర్చీ జరుపుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

"నాన్నా, ఎందుకు తినట్లేదు?"

"చెప్పాను కదరా, ఆకలి..."

"ఆకలి సంగతి కాదు. ఎందుకు తినలేకపోతున్నావు?"

నాన్న నన్ను చూశాడు, ఆ అమ్మాయిని చూశాడు. సిగ్గుపడ్డాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలా నెమ్మదిగా చెప్పాడు.

"కింది కట్టుడు పళ్ళు విరిగిపోయాయిరా. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడే. అప్పుడు నీకేం చెప్పను? తరవాత... తరవాత చెప్పడానికి మరీ ఆలస్యమైపోయింది. నువ్వు అలసిపోయి వచ్చి వండుతావు. నమలలేనంటే మళ్ళీ వేరే వండుతావు. ఎందుకులే అని."

నేను ఆయన పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. కూర ముక్కలు చిన్న గిన్నెలో వేసి, వేడి నీళ్ళు పోసి, గరిటె వెనకభాగంతో మెదపడం మొదలుపెట్టాను. కళ్ళలో నీళ్ళకు ఏమీ కనిపించడం లేదు. ఆమె వచ్చి గిన్నె కదలకుండా పట్టుకుంది.

"మీకు ముందే తెలిసింది కదూ," అన్నాను.

"రెండో ముద్దకే. తిరిగొచ్చే ట్రేలు చూసీ చూసీ అలవాటైపోయింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడుగుతారని."

మెదుపుతూనే ఉన్నాను. కూర ఎప్పుడో మెత్తబడింది.

"మిమ్మల్ని ఒకటి అడగాలి," అన్నాను. "మీరు ఆ కిటికీ దగ్గర ఉంటే నేను చూడకుండా వదిలేసినవి మీరు చూస్తారు. దానికి నాకు మొదట్లో చచ్చేంత కోపం వచ్చేది. ఇప్పుడు మీరు లేని రోజు నాకు భయమేస్తోంది. మీరంటే నాకు ప్రేమ. ఈ ఇంట్లో కూడా ఉంటారా?"

ఆమె గిన్నె వదల్లేదు. "ఎన్నాళ్ళు?"

"మీరు ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు."

"అడిగి పెట్టడం బాగానే నేర్చుకున్నారు," అంది. నవ్వబోయి నవ్వలేకపోయింది. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి. "ఉంటాను. వానలో మీరు అమ్మ గురించి చెప్పిన రోజే అనుకున్నాను. అమ్మది ఆ వార్డేనని తెలిసింది కనకే మీ మొహం చూడలేకపోయాను. ఇంక ఆ గరిటె ఆపండి. ఆయన ఆకలితో ఉన్నారు."

అన్నం కూడా మెత్తగా కలిపి తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాం. మా ఇద్దరి మొహాలూ చూశాడు. ముప్పై ఏళ్ళు అద్దంలో వెనక సీట్లు చూస్తూ బండి నడిపిన మనిషి. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"అమ్మాయ్," అన్నాడు ఆమెతో, "మా ఇంట్లో ఇద్దరం మగవాళ్ళం. నోరు తెరిచి ఏదీ చెప్పుకోలేం. నీకు ఓపికుందా?"

"అడుగుతూ ఉంటాను మామయ్యగారూ," అంది.

ఆ పిలుపు విని నాన్న తల ఊపాడు. పళ్ళెం దగ్గరకు లాక్కుని తినడం మొదలుపెట్టాడు. బయట చినుకులు మొదలయ్యాయి. నాన్న ఆఖరి ముద్ద తిని, పళ్ళెం అంచున ఉన్న మెతుకులు వేలితో దగ్గరికి తీసి, అవి కూడా తిన్నాడు.

తరవాత ఖాళీ పళ్ళెం నా వైపు జరిపాడు.

"ఇంకొంచెం పెట్టరా," అన్నాడు.